పిల్లకు చేపలు పడక కాదు

ఈ ఉదయం మా అబ్బాయి గిలకలదిండి రేవులో కానాగంత చేపలు కొని, ఐసు లేకుండా మధ్యాహ్నం దాకా ఎండలో బండి డిక్కీలోనే ఉంచాడు. నేను బ్యాంకులో పని చూసుకుని వచ్చేసరికి, ఆ చేపల కూర తిన్న మనవరాలి మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"దీనికి చేపలు పడవమ్మా. ఇంకెప్పుడూ పెట్టొద్దు."

"ఎండలో ఉంచింది నువ్వు కాదూ?"

"ఉడికాక బాక్టీరియా ఎక్కడ బతుకుద్దమ్మా!"

బతకదు, నిజమే. కానీ అంతకుముందే అది చేపలోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని తన పొరలోని ద్వారం గుండా లోపలికి లాక్కుని, హిస్టమిన్‌గా మార్చి, అదే ద్వారంలోంచి బయటికి తోసేసింది. ఆ హిస్టమిన్ ఎంత ఉడికించినా పోదు. పిల్ల ఒళ్లు కందింది అందుకే.

మాత్రతో మొహం నెమ్మదించింది. వాడి బద్ధకానికి మాత్రం పిల్ల జన్మంతా చేపలు మానుకోవాలట!

పదో తరగతిలో వాడికి జీవశాస్త్రం చెప్పింది నేనే. అప్పుడు వేసిన మార్కులు ఇప్పుడు కొట్టేయొచ్చంటారా?