నాలుగు మాటల జాబితా

1998లో విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టుగా చేరాను. పక్షవాతంతో మాట పోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పడం నా పని. న్యూరాలజీ డాక్టరు చీటీ రాసి పంపితే, నేను కేసు షీటు తెరిచి, పూటకు ముప్పావుగంట చొప్పున సాధన చేయించేదాన్ని.

చేరిన రెండో ఏడు ఒక నాటక రచయితను పంపారు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన రాసిన కుటుంబ నాటకాలు ఆడని నాటక పరిషత్తు లేదు. భార్య సత్యవతి గారు గాజువాక నుంచి ఆటోలో తీసుకొచ్చేవారు. ఆమె పుట్టింది ఎలమంచిలి దగ్గర రైతుల ఇంట్లో.

మొదటి వారం ఆయన నాటకాల్లో వేసే నటులిద్దరు చూడ్డానికొచ్చారు. ఒకాయన డైలాగు ఎత్తుకోగానే ఈయన మిగతాది గడగడా అప్పజెప్పేశారు. అందరం చప్పట్లు కొట్టాం. షీటులో ‘మెరుగుదల ఉంది’ అని రాశాను. అది నా తప్పు. కంఠతా వచ్చిన పాఠాలు, అంకెలు, వారాల పేర్లు మాట పోయినవాళ్లకు కూడా దొర్లుకుంటూ వచ్చేస్తాయి. అది మాట్లాడటం కాదు. కాసేపటికే దాహమేసి, మంచినీళ్లని అనలేక ఆయన బల్ల గుద్దారు.

దారి మార్చాను. ఇంట్లో రోజూ వాడిన మాటలతో మొదలుపెడితే తొందరగా పట్టుబడతాయి. ఓ ఇరవై రాసుకురమ్మని సత్యవతి గారిని అడిగాను.

“ఇంట్లో ఏటి మాటాడేవారమ్మా?” అన్నారామె. “రాత్తన్నప్పుడు నాను మాటాడకూడదు. రాసీసేక ఆయన అలిసిపోయీవారు.”

వారం తర్వాత కాగితం తెచ్చారు. నాలుగే మాటలు: టీ, ఫ్యాను, తలుపు, తర్వాత. తలుపంటే వేసి వెళ్లమని. ఆఖరిది, ఆమె ఏదైనా చెప్పబోతే ఆయన అనే మాట. ఎంత ఆలోచించినా ఇంకొకటి తట్టలేదని, తప్పు తనదే అయినట్టు చెప్పారు.

నెలన్నరలో మొదటి మూడూ పలికాయి. నాలుగోది ఎత్తుకోబోతే ఆమె అడ్డుపడ్డారు.

“ఆ ఆకరిది వొగ్గీండమ్మా. దాని బదులు నా పేరెట్టండి.”

ఆయన ఆమెను పేరుతో పిలిచిందే లేదట. కావలసినప్పుడు దగ్గేవారట. అలవాటు లేని మాట పట్టడం కష్టమని చెప్పినా ఆమె వినలేదు. ఐదో నెలలో ఒక మధ్యాహ్నం ఆయన స్పష్టంగా “సత్యవతీ” అన్నారు. కిటికీ దగ్గర సంచీ సర్దుకుంటున్న ఆమె తిరిగి చూడలేదు. మిమ్మల్నేనండీ అని నేను చెప్పాల్సి వచ్చింది.

సాధన ముగిసిన కొన్నాళ్లకు మందుల చీటీ కోసం ఆమె ఒక్కరే వచ్చారు. ఆయన ఎలా ఉన్నారని అడిగాను.

“పిలుత్తన్నారమ్మా. పిలిసి ఏటీ సెప్పరు. నాను ఎల్లి పక్కన కూకుంటాను. కాసేపుండి వొచ్చీత్తాను.”

అప్పటినుంచి నేను రిటైరయ్యేదాకా కేసు షీటులో వృత్తి అనే గడిని చివర నింపాను. రోగి ఇంట్లో ఎవరితో, ఏం మాట్లాడేవారన్నది వెంట వచ్చినవాళ్లను ముందు అడిగేదాన్ని. చాలామంది వెంటనే చెప్పలేకపోయేవారు. తొందరపెట్టకుండా ఆగడం నేర్చుకున్నాను.