అంగిలి పాఠం

నా అంగిలిలో కుడివైపు సగం లేదు. రెండేళ్ల కిందట విశాఖలో ఆపరేషన్ చేసి, నాలుగు పళ్లతో సహా తీసేశారు. నోటి పైభాగంలో బఠాణీ గింజంత బుడిపె తగిలితే, వేడి టీకి కాలిందనుకుని రెండు నెలలు ఊరుకున్నాను. తీరా చూస్తే అది క్యాన్సరు గడ్డ. చిన్న లాలాజల గ్రంథిలో పుట్టిందని, ఎందుకు పుట్టిందో చెప్పలేమని డాక్టరుగారు అన్నారు.

చెప్పలేమన్నది ఆయనొక్కరే. చోడవరంలో మా వీధి వాళ్లకి మాత్రం కారణం తెలిసిపోయింది. మా అమ్మ పెళ్లయిన నాటినుంచీ అడ్డపొగ తాగుతుంది. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం.

"తల్లిని సూసి కూతురూ సాటుగా తాగీసుంటాది," అనుకున్నారు.

నేను చుట్ట ముట్టి ఎరగను. అయినా ఆ సంగతి ఎవరికీ సంజాయిషీగా చెప్పుకోలేదు. తాగితే మాత్రం? అప్పుడీ జబ్బు నాకు తగినదైపోతుందా?

ఆసుపత్రినుంచి ఇంటికొచ్చిన రోజు మంచినీళ్లు మింగబోతే ముక్కులోంచి కారిపోయాయి. అమ్మ కొంగుతో నా ముఖం తుడిచి, తన చుట్టల కట్ట తీసుకెళ్లి చెత్తబండిలో పడేసింది. "నీవల్ల కాదమ్మా," అన్నాను. మాటంతా ముక్కులోంచే పోయింది, ఆమెకేమీ అర్థం కాలేదు. వారం తిరక్కుండా మళ్లీ చుట్ట పట్టింది. ఆ విషయంలో ఇప్పటికీ పోట్లాడుకుంటూనే ఉన్నాం.

తరవాత పళ్ల డాక్టరు గులాబీరంగు ప్లేటొకటి చేసిచ్చారు. అది ఆ ఖాళీని మూస్తుంది. పెట్టుకుంటే అన్నం గొంతులోకి దిగుతుంది, మాట నోట్లోంచి వస్తుంది. కొంచెం ముక్కుతో మాట్లాడినట్టే ఉంటుంది.

సెలవు పూర్తయి బడికి వెళ్తే, హెడ్మాస్టరుగారు కుర్చీ చూపించి నెమ్మదిగా మొదలుపెట్టారు.

"ఈ ఏడాదికి లైబ్రరీ చూసుకోండి మేడమ్. పిల్లలు నవ్వితే మీరే బాధపడతారు."

"నవ్వితే నవ్వనీండి సార్. నేను బయాలజీ టీచర్ని. నా పదో తరగతి నాకివ్వండి."

"మీ మంచికే చెప్తన్నానమ్మా."

"నా మంచి నేను చూసుకుంటాను."

పిల్లలు నవ్వనే నవ్వారు. మొదటిరోజు వెనక బెంచీల్లో సగంమంది నాలాగే ముక్కుతో "ప్రెజెంట్ టీచర్" అన్నారు. విననట్టు హాజరు పూర్తిచేశాను. 

జీర్ణవ్యవస్థ పాఠం వచ్చినరోజు పుస్తకాలు మూసెయ్యమన్నాను.

"పై పళ్ల వెనక నాలుక పెట్టండి. గరుకుగా గీతలు తగులుతాయి. ఇంకా వెనక్కి పోనివ్వండి. గట్టిగా ఉన్నది ఒకచోట మెత్తబడుతుంది. దాని చివర వేలాడేదే కొండనాలుక. మింగినప్పుడు ఆ మెత్తటి భాగం పైకి లేచి ముక్కుదారి మూస్తుంది. అప్పుడు ముద్ద తిన్నగా ఆహారవాహికలోకి దిగుతుంది."

తరగతి తరగతంతా బుగ్గలు కదుపుతూ కూర్చుంది. నాకు అంగిలిలో సగం లేదని చెప్పి, కిటికీ వెలుగులోకి వెళ్లి ప్లేటు తీసి నోరు తెరిచాను. తరవాత "పప్పు" అన్నాను. "మమ్ము" అని వినపడింది. ఎవరూ నవ్వలేదు. ప్లేటు పెట్టుకుని మళ్లీ "పప్పు" అన్నాను.

వడ్డాదినుంచి వచ్చే అమ్మాయి లేచింది. "మాకు సూపించడానికి సిగ్గెయ్యలేదా టీచర్?"

"వేసింది. అయినా చూపించాను."

మర్నాడు ఆ పిల్ల తండ్రి హెడ్మాస్టరుగారి గదిలో ఉన్నాడు. నన్ను పిలిపించారు.

"పాఠం సెప్పమంటే నోరిప్పి సూపిస్తారేటండి? మా గుంట ఇంటికొచ్చి, మాయమ్మ నోరు తెరిపించి ఫోను లైటేసి సూసింది. ముసల్ది ఒకటే తిట్లు!"

హెడ్మాస్టరుగారు నావైపు చూశారు. నేను క్షమాపణ చెబుతానని ఆయన ఆశ.

"మీ అమ్మగారు అడ్డపొగ తాగుతారా?" అని అడిగాను.

"తాగుతాది. మావైపు ముసలాళ్లు తాగరేటి?"

"మీ అమ్మాయికి ఏం కనిపించింది?"

అతను గొంతు తగ్గించాడు. "అంగిలంతా తెల్లగుందంటండి. మజ్జిలో పుండునాగ ఎర్రగుందంట."

"నామీద ఫిర్యాదు తర్వాత రాద్దురుగాని. ముందు ఆవిణ్ణి విశాఖ తీసుకెళ్లండి."

తీసుకెళ్లాడు. చిన్న ముక్క తీసి పరీక్షచేసి, ఇంకా క్యాన్సరు కాలేదని, చుట్ట మానకపోతే అవ్వొచ్చని చెప్పారట. ఆవిడ మానేసిందో లేదో నాకు తెలీదు. మనవరాలు మాత్రం వారానికోసారి లైటు వేసి చూస్తోంది.

హెడ్మాస్టరుగారు అప్పుడే నాకొక మెమో ఇచ్చారు. అనుమతి లేకుండా తరగతిలో అలాంటి ప్రదర్శనలు చెయ్యరాదని అందులో ఉంది. "చదివాను" అని మాత్రం రాసి సంతకం పెట్టాను.

ఈ ఏడాది ఆ పాఠం మళ్లీ వచ్చింది. నేను అనుమతి అడగలేదు. ఈసారి ముందు బెంచీవాళ్లు దగ్గరికొచ్చి చూస్తామన్నారు.

"రండి," అన్నాను.