బాడుగకు లేని కుర్చీ

పూతలపట్టు చుట్టుపక్కల ఎక్కడ పెళ్లి జరిగినా కుర్చీలు మా అన్న మునికృష్ణ షామియానా అంగడి నుంచే వెళ్లాలి. ఆయన మాత్రం అంగడి ముందు బోర్లించిన వంట గుండిగ మీద కూర్చుంటాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు పొట్టిదైంది. ఆ పాదం నేలకందక గాల్లో ఊగుతూ ఉంటుంది. ఒక కుర్చీ లాక్కోరాదా అని నేనంటే, "బాడుగ సామాను మీద మనం కూసోకూడదు నిర్మలా" అంటాడు. మొండిఘటం.

ఆయన కూతురు పల్లవి ఆ కుర్చీల మధ్యే పెరిగింది. వేరే అంగళ్ల కుర్చీలతో కలిసిపోకుండా వాటి వీపు మీద పేరు రాయించేవాళ్లం. తొమ్మిదో తరగతిలో ఆ పని పిల్ల చేతికొచ్చింది. ఒక్కో కుర్చీకి పేరు పక్కన ఒక్కో చిలకను వేసింది. ఒక చిలక జామకాయ కొరుకుతుంది, ఇంకొకటి అలిగి కూర్చుంటుంది. పెళ్లికొచ్చిన జనం కుర్చీలు తిప్పి మరీ చూసేవాళ్లు. విరిగిన కుర్చీ వస్తే విప్పదీసి, ఎందుకు విరిగిందో చూసేది. "ఆడపిల్లకు వడ్రంగమేందే?" అని నేనూ నోరు పారేసుకున్నాను.

"నువ్వు కూసున్నా విరగని కుర్చీ చేసిస్తాలే అత్తా" అంది. నోటికేం తక్కువ లేదు.

తిరుపతిలో చిత్రకళ చదివి, అక్కడే రేకుల షెడ్డు వేసి టేకు కుర్చీలు, ఉయ్యాల బల్లలు చేస్తోంది. చెన్నై నుంచి వచ్చి కొనుక్కుపోతారు. కానీ ఆ పిల్లకు కావలసింది ఒక్కటే. తాను చేసిన కుర్చీలో నాయన కూర్చోవాలి.

పోయిన శ్రావణంలో ఒక కుర్చీ తెచ్చి అంగడి ముందు దించింది. అన్న చుట్టూ తిరిగి చూశాడు, తుండుతో తుడిచాడు. "బలే ఉండాది పాపా" అన్నాడు. కూర్చోలేదు. ఆ వారంలోనే ఐరాలలో ఒక పెళ్లికి, పెళ్లికొడుకు కోసమని పంపేశాడు.

సంగతి తెలిసి పల్లవి ఫోన్లో ఏడ్చింది. "నేను చేసింది కూడా ఆయనకు బాడుగ సామానేనా అత్తా?"

నాకు ఒళ్లు మండింది. అన్నను కడిగేద్దామని వెళ్లాను. అప్పటికే వ్యాను తోలే మునెయ్య ఆ కుర్చీని దించుతున్నాడు.

"ఏందన్నా ఇది? పెండ్లికొడుకు కూసుంటే ఒక పక్కకు ఒరిగిపోయినాడు. ఎడమ కాలి కాడ పీటొకటి, పంచె తగులుకుంటా ఉండాది. కడాకు ప్లాస్టిక్ కుర్చీ ఏసుకున్నారు" అన్నాడు మునెయ్య.

అన్న చేతికర్ర పక్కన పెట్టి మెల్లగా ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఒరగలేదు. ఆ వంపు ఆయన నడుముకే సరిపోయింది. ఎడమ పాదం పీట మీద ఆనింది. ఇన్నేళ్లూ ఊగిన పాదం కదలకుండా ఉంది. ఆయన దానివంకే చూస్తూ, "నా కొలత ఎప్పుడు తీసుకునిందో పాప" అన్నాడు. తుండుతో కళ్లు తుడుచుకున్నాడు. తిట్టడానికి వచ్చినదాన్ని, నేనూ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఇప్పుడు పెళ్లివాళ్లు వచ్చి ఆ కుర్చీ కూడా కావాలంటే అన్న లేవను కూడా లేవడు.

"ఇది బాడుగకు లేదప్పా. మా పాప నాకు చేసింది" అంటాడు.