గాలి పీల్చిన ఊరు

పదో తేదీ, గురువారం. తెల్లవారగానే సార్ నంబరు నుంచి ఫోన్. అంత పొద్దున్నే ఆయన ఎప్పుడూ చేయరు. కొత్త మాటేదో దొరికి ఉంటుందని సంబరంగా ఎత్తాను. మాట్లాడింది ఆయన భార్య. "సార్ పోయిండు బిడ్డా" అన్నారు.

జగిత్యాల డిగ్రీ కాలేజీలో సార్ మాకు జంతుశాస్త్రం చెప్పేవారు. ప్రాణమంతా మాత్రం వేరే పని మీద ఉండేది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఆయనకు తెలిసిన మూడు చిన్న దవాఖానాలున్నాయి. ఊపిరాడక వచ్చినవాళ్ల గురించి ఒకచోట దమ్ము అని రాస్తారు, ఒకచోట ఆయాసం అని, మరోచోట దగ్గు అని. అవన్నీ కలిపి చూస్తేనే ఎక్కడి గాలి మనుషులను పాడుచేస్తోందో తెలుస్తుంది. కలపడమే కుదరదు. మూడుచోట్లా ఒకే ప్రశ్నలు, ఒకే మాటలు ఉండాలని సార్ తిరిగారు. వెంట నేను.

బస్సులో పక్కవాళ్లనూ వదిలేవారు కాదు. "మెట్లెక్కితే ఎగపోస్తది గదా, దాన్నేమంటరు మీ దిక్కు?" జవాబు విని, దాన్ని పెదాల మీద పలికి చూసుకునేవారు. నిఘంటువులో 'శ్వాసకృచ్ఛ్రం' దొరికిన రోజు నేను పరుగెత్తుకెళ్లి చూపించాను. "మస్తుగున్నది బిడ్డా. గిది పలికేసరికే మనిషికి దమ్మస్తది" అన్నారు.

కోరుట్లలో కూతురింట ఉంటున్న ఒక తాత ఒకసారి అక్కడి దవాఖానాకు వచ్చాడు. జీవితమంతా సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపినవాడు. దవాఖానా కాగితంలో ఊరు కోరుట్ల అనే ఉంది. ఎక్కడ పనిచేశావని సార్ అడిగారు.

"రోగమేందో చెప్పకుంట ఊర్ల పేర్లు అడుగుడేంది సారూ?"

"సిరిసిల్ల దూది ఇంకా నీ లోపలున్నది తాతా."

"గట్లనా? గన్నేండ్ల సంది ఉంటున్నది, కిరాయన్న ఇయ్యకపాయె!"

దగ్గుతూనే నవ్వాడు. బయటికొచ్చాక సార్ నవ్వలేదు. "ఉండే ఊరు కాదు బిడ్డా, గాలి పీల్చిన ఊరు రాయాలె. లేకుంటే సిరిసిల్ల జబ్బు కోరుట్ల లెక్కల పడ్తది. ఇగ ఆ దూది సంగతి ఎవ్వలడుగుతరు?"

పోయిన నెల మూడు దవాఖానాలవాళ్లూ జగిత్యాలలో కూర్చున్నారు. చాయ్ దగ్గర తప్ప ఎక్కడా ఒక్కమాట మీదికి రాలేదు. ఎవరి మాట వాళ్లకే నచ్చింది. చివరికి ఆ మాటలన్నీ వదులుకుని, పనిచేసిన ఊరికి కాగితంలో ఒక్క గడి ఉంచమని సార్ బతిమిలాడారు. "మా కంప్యూటర్ల జాగ లేదు సార్" అన్నారు. ఆయన కాగితాలు సర్దుకుని లేచారు. మెట్లు దిగుతూ మధ్యలో ఆగి గోడ పట్టుకున్నారు. అప్పటికే ఆయనకు ఒంట్లో బాగుండటం లేదని నాకు తెలియదు.

అంత్యక్రియలయ్యాక ఆ గడి గురించి సిరిసిల్ల దవాఖానాకు ఫోన్ చేశాను. "సారే పాయె, ఇగ గదంత ఎందుకమ్మా? కొత్త కాగితాలు అచ్చయినయి" అన్నారు. విసుగు లేదు ఆ గొంతులో. జాలి ఉంది. అదే ఎక్కువ బాధపెట్టింది.

ఇక ఆ గడి రాదు. సార్ నేర్పిన ప్రశ్నను మళ్లీ అడగమని నాకెవరూ చెప్పలేదు కూడా. అయినా రేపు పొద్దున మొదటి బస్సుకు సిరిసిల్ల వెళ్తాను. రాత్రి పని దిగినవాళ్లు కనుబొమల మీద తెల్లటి నూగుతో దవాఖానా వరండాలో వరుసగా కూర్చుంటారు. వాళ్ల పక్కన కూర్చుని, ఎక్కడెక్కడ పనిచేశారో అడుగుతాను. వాళ్ల దవాఖానా కాగితం అంచున, గడి లేని చోట, పెన్నుతో రాస్తాను. కంప్యూటర్‌లోకి ఎక్కించే మనిషి అంచు చూడడు.