చింతపండు మింగిన మిషను

నేను ఏడో తరగతిలో బడి మానేసేనాటికి మా సైన్సు సారు ఇంకా నీళ్ల పాఠం దాకా రాలేదు. మిగిలిపోయిన ఆ పాఠాన్ని గుండ్లపోచంపల్లిలో మా బోరు చెప్పింది. ఫీజు కింద ముందు నా జుట్టు తీసుకుంది, తర్వాత గీజరు తీసుకుంది. మా ఇంటామె గీజరు పోయిననాడు మాత్రమే బాధపడింది. మొన్న ఒక ఆదివారం, ఉప్పు నీళ్లను మంచి నీళ్లుగా మార్చే యంత్రాలు అమ్ముకునే అబ్బాయి ఒకతను మెడకు టై బిగించుకుని మా ఇంటికి వచ్చాడు. రెండు గాజు గ్లాసులు గుమ్మంలో పెట్టి, ఒకదాంట్లో తను తెచ్చిన నీళ్లు, రెండోదాంట్లో మా బోరు నీళ్లు పోసి, సబ్బు ముక్కలు వేసి కలిపాడు. అతని గ్లాసు నురగతో పొంగింది. మాది విరిగిన పాలలా మొహం పెట్టింది. మన ఇంటి గుట్టు పరాయివాడు చెబుతుంటే వినడానికి బాగానే ఉంటుంది కాబట్టి శ్రద్ధగానే విన్నాను. అంతలో అతని చూపు వరండాలో పాత దుప్పటి కప్పుకుని ఉన్న బట్టలుతికే మిషను మీద పడింది. "ఇది ఇంకా నడుస్తుందా అంకుల్?" అన్నాడు. నేనూ దాని పక్కనే లుంగీతో కూర్చుని ఉన్నాను గనక, ఎవరి గురించి అడుగుతున్నాడో ఒక్క క్షణం అర్థం కాలేదు.

ఆ మిషను కథ చెప్పాలంటే ముందు మా ఇంటామె కాళ్ల గురించి చెప్పాలి. అప్పట్లో ఆమె హైవే పక్కన ఒక గోదాములో పొద్దస్తమానం నిలబడి అట్టపెట్టెలకు టేపు వేసేది. నేను ట్రాలీ ఆటో నడుపుతాను, కూర్చుని సంపాదించే జాతి. ఆమె ఇంటికొచ్చేసరికి కాళ్లు పొంగి, పట్టీలు తోలులోకి దిగబడి ఉండేవి. సబ్బు రాసి తీసేవాళ్లం, ఆ సబ్బుకూ నురగ వచ్చేది కాదు. ఒకరోజు పట్టీలు డబ్బాలో పెట్టి మూత వేసి, "నేనిగ గా గోదాముల నిలవడ" అంది. ఆఖరి నెల జీతంతో, మచ్చ బొల్లారంలో ఇల్లు ఖాళీ చేసి పోతున్నవాళ్ల దగ్గర ఈ మిషను కొన్నది. నా ఆటోలోనే తెచ్చాం. పెండ్లిపిల్లను తెచ్చినంత నెమ్మదిగా నడిపించింది. మా గల్లీ నిండా గోదాముల్లో పనిచేసే పెండ్లికాని పిల్లలు గదులు తీసుకుని ఉంటారు. వాళ్ల నీలం చొక్కాలు ఉతకడమే ఆమె పని అయింది. మిషను పక్కన స్టూలు వేసుకుని, కాళ్లు చాపుకుని కూర్చునేది. ఆ కూర్చోవడంలో ఎంత దర్జా ఉండేదో నేను చెప్పలేను, చూడవలసిందే.

ఇక మా నీళ్లు. వాటిలో కందిపప్పు ఉడకనని మొండికేస్తుంది. చాయ్ మీద తెట్టు కడుతుంది. నల్లా మూతికి తెల్లగడ్డం మొలుస్తుంది. బిందె అడుగున పండ్లకు పట్టినట్టే గార పడుతుంది. మున్సిపాలిటీ మంచినీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అవి తాగడానికే చాలవు. అందుకని మిషనుకు బోరు నీళ్లే గతి. పాపం, కొంతకాలం నోరెత్తకుండా తాగింది. తర్వాత నీలం చొక్కాల మీద విభూతి పెట్టినట్టు తెల్లచారలు వచ్చాయి. తిరిగేటప్పుడు లోపల ఎవరో ఇసుక నములుతున్నట్టు చప్పుడు మొదలైంది. చివరికి ఒక శనివారం, మోటారు బాగానే ఉన్నా నీళ్లు లోపలికి పోవు, పోసినవి బయటికి రావు. కడుపు నిండా చొక్కాలు పెట్టుకుని ఆగిపోయింది. సోమవారం పొద్దున ఆ చొక్కాలు వేసుకుని పిల్లలు డ్యూటీ ఎక్కాలి.

మెకానిక్ వచ్చి, వెనక రేకు ఊడదీసి, లోపలినుంచి ఒక సున్నపు పెంకు గీకి ఆమె అరచేతిలో పెట్టాడు. "అక్కా, గిది మిషను గాదు, సున్నపు బట్టి. పాత సామాన్లోనికి ఏసెయ్. తూంకుంటల కొత్త లాండ్రీ వెట్టిండ్రు, ఫోన్ల నొక్కితె ఇంటికొచ్చి బట్టలు తీస్కవోతరు. ఇగ నీ పని నడువది."

ఆమె పెంకును అటూ ఇటూ తిప్పి చూసింది. "నేను నిన్ను వోయేది చెప్పుమన్ననా, బాగయ్యేది చెప్పుమన్ననా?"

"బాగు గాదక్కా."

"అయితె చాయ్ తాగి పో తమ్మీ."

చాయ్ కూడా మా బోరు నీళ్లతోనే పెట్టింది. కావాలనే పెట్టిందని నా నమ్మకం.

అతను పోయాక నేను నా తెలివి చూపించాను. గోదాములో మళ్లీ అడిగితే ఈసారి కూర్చునే పని ఇస్తారేమో అన్నాను. ఆమె నా తలకాయ వంక తీరుబాటుగా చూసింది. "ఎంటికలు వోయినయని నీ నెత్తిని పాత సామాన్లోనికి ఎయ్యలె గద" అంది. తర్వాత, "ఇత్తడి బిందెకు వట్టిన గార దేంతోని పోతది?" అని అడిగింది. చింతపండుతో అన్నాను. "మరి గిది జర పెద్ద బిందె, గంతే."

ఆదివారం పొద్దున్నే నేను చింతపండు తెచ్చాను. గింజ తీసింది తెమ్మన్నట్టు గుర్తే, కానీ దుకాణంలో అది లేదు. ఆమె వేడినీళ్లలో నానబెట్టి, పిసికి వడకట్టుదామని గుడ్డ కోసం లోపలికి పోయింది. లోపల ఇరుక్కున్న చొక్కాలు ముందే చేత్తో తీసేశాం, ఇంకేం అడ్డమని, సాయం చేద్దామని నేను బకెట్ మొత్తం గింజలతో సహా మిషనులో కుమ్మరించి మీట తిప్పాను. ఆ చప్పుడు నేను జన్మలో మరవను. పచ్చీసు ఆడేవాళ్లు వందమంది ఒకేసారి గవ్వలు వేసినట్టు. గోడ అవతలి నుంచి పక్కింటి అత్త, "ఏం పులుసు వెడుతున్నవే కోడలా, గల్లీ అంత వాసనొస్తాంది" అని అడిగింది. మా ఇంటామె చేయి భుజం దాకా లోపలికి పెట్టి గింజలు ఒక్కొక్కటే ఏరుతూ, ప్రతి గింజకూ నా వైపు వాళ్లలో ఒకరిని తలుచుకుంది.

పులుసును మధ్యాహ్నం దాకా అందులోనే ఉంచాం. నీళ్లు వచ్చే చోట ఉండే జాలీని ఊడదీసి, అదే పులుసులో ఒక గిన్నెలో నానేసింది. అన్నం తిన్నాక మిషను తిప్పితే ముందు మూలిగింది, తర్వాత వెనక గొట్టం ఒక్కసారిగా కక్కింది. గోధుమరంగు నీళ్లు, వాటిలో కొబ్బరి ముక్కల్లా తెల్ల పెంకులు. నీళ్లు దిగుతున్నాయి, పోతున్నాయి. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వేలోపే కింద నుంచి ఒక సన్నటి ధార మొదలైంది.

ఫోన్ చేస్తే మెకానిక్ పడి పడి నవ్వాడు. "గా తొట్టి ఎప్పుడో పగిలింది అక్కా. గా గారనే ఇన్నొద్దులు పగులును వట్టుకోని ఉన్నది. నువ్వు దాన్నే కడిగి ఇడిసిపెట్టినవ్."

ఫోన్ పెట్టేసి ఆమె చతికిలపడుతుందనుకున్నాను. "పగులు ఏడున్నదో తెల్వకుండె. ఇప్పుడు తెల్సింది" అంది. మిషనును పక్కకు పడుకోబెట్టించింది. పగులును గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, నీళ్ల పైపుల పగుళ్లకు పెట్టే మందుముద్దను పిసికి బొటనవేలితో అదిమింది. ఆ వేలిముద్ర ఇప్పటికీ దాని కడుపు కింద ఉంది. అది గట్టిపడ్డాక చొక్కాలు వేసింది. సోమవారం పొద్దున నీలం చొక్కాలన్నీ తీగ మీద నుంచి దిగి వెళ్లాయి. సాయంత్రం ఒక పిల్లవాడు వచ్చి, "అక్కా, చొక్కా ఏసుకున్నప్పటి సంది ఆకలైతాంది" అన్నాడు. ఆ రోజే డబ్బాలోని పట్టీలు మళ్లీ కాళ్లకు ఎక్కాయి. తూంకుంట లాండ్రీకి కొందరు పోయారు. ఆమె ఎవరినీ ఆపలేదు, ఎవరినీ రమ్మనలేదు. ఉన్నవాళ్ల చొక్కాలే ఆమెకు చాలు. నెలకోసారి మిషనుకు పులుసు పడుతుంది, వడకట్టిందే. ఆ రోజు నన్ను మాత్రం మిషనుకు ఆమడ దూరంలో కూర్చోబెడుతుంది.

టై కట్టిన అబ్బాయి ప్రశ్నకు జవాబు కూడా ఆమే చెప్పింది. లోపలి నుంచి వచ్చి, దుప్పటి తీసి, నీళ్లు వదిలి మీట తిప్పింది. మిషను దగ్గుతూనే తిరిగింది. "నడుస్తది బిడ్డా. నీ గ్లాసులు మర్సిపోకు" అంది.

అతను వెళ్లాక చాలాసేపు ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. నీళ్లు రాళ్లను అరగదీస్తాయని పెద్దలు అంటారు, మా ఊళ్లో నీళ్లే రాయి అవుతాయి. ఏండ్లు కూడా అంతే, పోయాయనుకుంటాం గానీ మన మీదే పేరుకుని ఉంటాయి. ఈ మాట ఆమెకు ఉన్నదున్నట్టు చెబితే నవ్వుతుందని వెటకారంగా చెప్పాను. "నీక్కూడ మస్తు గార వట్టింది. ఒకసారి చింతపండు ఏసి కడగాలె" అన్నాను.

ఆమె చొక్కా దులుపుతూ తల కూడా తిప్పలేదు. "కడుగు. గా గార వట్టుకోని ఉన్నది నిన్నే. ముందుగాల కారిపోయేది నువ్వే."