మా అత్త ఎత్తుకుపోయిన ప్రశ్న

మా దివిసీమలో అప్పట్లో చదువంటే గొంతు. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళకి చదువొచ్చినట్టు లెక్క. నేను పలక పట్టింది పెళ్ళయ్యాకే, పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పాలని ఊరూరా సాయంత్రం బడులు పెట్టిన రోజుల్లో. మా ఊరి బడి పంచాయతీ ఆఫీసు వరండాలో. పంతులమ్మ పదో తరగతి పాసైన మా ఊరి పిల్లే (మా అత్త కళ్ళ ముందు ముక్కు చీదుకుంటూ తిరిగిన పిల్ల, అయినా బళ్ళో అందరం అండీ అనేవాళ్ళం). చదవడానికి వచ్చినవాళ్ళమంతా వరి ఊడ్పులకెళ్ళే ఒకే ముఠా. ముఠాకి మేస్త్రి మా అత్త. చేలో నడుం వంచి నారు నాటుతూ అత్త ఒక ముక్క పాడితే మేమందరం అదే ముక్క తిరిగి పాడాలి. బళ్ళోనూ అదే అలవాటయింది.

మొదటి రోజే పంతులమ్మ, "నేనేదంటే అది అనండి" అంది. అన్నాం. "అ, అమ్మ" అంది, అన్నాం. "అబ్బ, దోమలు పీక్కుతింటున్నాయి" అంది, అదీ రాగం తీసి అన్నాం. "ఇది కాదు పిన్నీ" అంటే అందరం కలిసి "ఇది కాదు పిన్నీ" అన్నాం. పాపం ఆ పిల్ల నవ్వలేక ఏడవలేక పలక మొహానికి అడ్డం పెట్టుకుంది. ఊడ్పులు అయ్యేసరికి వాచకం మొత్తం మా పాటలో కలిసిపోయింది. కళ్ళు మూసుకుని ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా పాడేసేవాళ్ళం. పుస్తకం తెరిచి ఇదేం అక్షరమంటే మాత్రం ఒక్కదానికీ తెలీదు.

నాకేమో అడిగే రోగం ఒకటుంది. ఒకరోజు ఉండబట్టలేక, "ఏవండీ, ఈ అక్షరాలు మొట్టమొదట రాసినాయనకి ఎవరు నేర్పారు?" అన్నాను. పంతులమ్మ పలక తుడుస్తూ, "రేపు చెప్తాను వదినా" అంది. ఆ రేపు రాలేదు గానీ ఇంటికెళ్ళాక అత్త వచ్చి మీద పడింది. "ముఠాలో ఒకతి నడుం ఎత్తి నిలబడితే వరసంతా చెడుతుందని తెలీదా? ఎవడు నేర్పితే నీకెందుకే? ఎల్లుండి బందరు నుంచి ఆఫీసరు వస్తున్నాడు. ఆయన ముందు నోరు తెరిచావో, నీ పలక పొయ్యిలోకి, నువ్వు పొయ్యి దగ్గరికి." మా ఆయన (పోయాడు మహానుభావుడు, అప్పుడు మంచం మీద పడుకుని వింటున్నాడు) తల్లి మాటకి ఊఁ కొట్టాడు. నేను లేచి పలక చీర మడతల్లో దాచేశాను. చదువు మీద అంత ప్రేమని కాదు. తెల్లారింది మొదలు పడుకునేదాకా నేను కూర్చునేది ఆ బళ్ళో గంటసేపే. అదీ పోతే ఇంకేముంది.

ఆఫీసరు జీపులో వచ్చాడు. కుర్చీలో కూర్చుని మా అత్తని చదవమన్నాడు. అత్త పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని మొదటి పేజీ ఎత్తుకుంది. వెనక నుంచి మేమందరం అందుకున్నాం. "ఆగండమ్మా, ఆగండి. ఆవిడ ఒక్కరే చదవాలి. ఇదిగో, ఈ పేజీ" అన్నాడాయన మధ్యలో ఒకటి తీసి. అత్త దాని వంక చూసి, "ఆ పేజీ రావాలంటే ముందరి పేజీలు అవ్వాలి కదండీ" అంది. ఆయన పక్కావిడని అడిగాడు. ఆవిడ మా అత్త మొహం చూసింది, పాట ఎత్తుకుంటే అందుకుందామని. ఆ పక్కావిడా అంతే. ఆయన పంతులమ్మ వైపు తిరిగి, "ఏమ్మా, చిలకలకి నేర్పావా, మనుషులకి నేర్పావా?" అన్నాడు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయనకే జాలేసిందేమో, "పోనీ, చదవొద్దు. మీకేదైనా అనుమానం ఉంటే అడగండి" అన్నాడు. అందరూ చాప వంక చూస్తున్నారు. నాకు నాలిక దురద పెడుతోంది. అత్త మోచెయ్యి నా డొక్కలో ఉంది. పొయ్యి గుర్తొచ్చి పళ్ళు బిగబట్టాను. అప్పుడు మా అత్త నడుం నిటారుగా ఎత్తి, గొంతు సవరించుకుని, "అయ్యా, ఈ అక్షరాలు మొట్టమొదట రాసినాయనకి ఎవరు నేర్పారండీ?" అంది.

నా ప్రశ్న. ఉల్లిపాయ పొట్టంత మార్పు లేకుండా నా ప్రశ్నే. అప్పగించడంలో మా అత్త దిట్ట కదా.

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాకూ తెలీదమ్మా. ఇన్నేళ్ళు చదివాను, ఒక్కసారీ అడగాలని తోచలేదు" అని కుర్చీ దిగి మా చాప మీద కూర్చున్నాడు. ఆయన కూర్చోగానే మా ముఠాకి నోళ్ళు లేచాయి. బందరు సముద్రం, మన హంసలదీవి సముద్రం ఒకటేనా అని ఒకావిడ. సున్నాకి విలువ లేదంటూనే పదిలో ఎందుకు పెట్టారని ఇంకొకావిడ. మీ ఆవిడ ఎంత చదివిందండీ అని మా పిన్నత్త. దానికి మాత్రం ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బడి బాగా నడుస్తోందని పంతులమ్మతో చెప్పి వెళ్ళాడు.

ఇంటికొస్తూ దారిలో, "అత్తా, అది నేనడిగింది కదా" అన్నాను మెల్లిగా. "నీదేంటే? మీ అమ్మగారింటి నుంచి సారెలో తెచ్చావా? నా ఇంట్లో పుట్టింది, నాదే" అంది. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే, "రేపేం అడుగుదామే?" అంది.

ఆ తర్వాత పొయ్యి దగ్గర నేను ఆలోచించడం, బళ్ళో ఆవిడ అడగడం. నాకు ఇప్పటికీ వత్తులు సరిగ్గా కుదరవు (అందుకే నేను చెప్తుంటే మా పక్కింటి పిల్ల రాస్తోంది). మొన్న గుడివాడలో మనవరాలి బడికి వెళ్ళాం, తల్లిదండ్రుల మీటింగు. అందరూ మార్కుల గురించి అడిగాక నేను లేచి, "మా పిల్ల ఇంట్లో వంద ప్రశ్నలేస్తుంది, మీ దగ్గర ఒక్కటీ వెయ్యదంట, ఎందుకండీ?" అన్నాను. టీచరేమో, ఈ పెద్దావిడ బాగా అడిగారంది. పక్కన కూర్చున్న నా కోడలు మాత్రం నన్ను అదోలా చూసింది. పొద్దున వంటింట్లో దోసె తిరగేస్తూ ఆ మాట అన్నది నా కోడలే మరి. నేను కిటికీ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఇంటికెళ్తూ ఆటోలో అదేమంటుందో, నేనేం జవాబు చెప్పాలో, రెండూ నాకు ముందే తెలుసు.