బ్రేకు తొక్కితే ఆరిపోయే లైటు

మా బావ పోయాడన్న కబురూ, తప్పు ఆయనదేనన్న తీర్పూ నాకు ఒకే నోటి నుంచి, ఒకే గుక్కలో అందాయి. ఎల్లారెడ్డిలో మా ఇంటికి పాలు పోసే ఆయన ఆ పొద్దున క్యాను కూడా దించకుండా గుమ్మంలో నిలబడి, "పెద్దయ్యా, మీ బావ తాడ్వాయి దాటినంక లారీని ఎనుకనుంచి పోయి గుద్దిండట. ఆడ్నే పాణం పోయిందట" అన్నాడు. కుర్చీలో కూలబడ్డాక కూడా ఆ మాటల వరుసే చెవిలో తిరిగింది. ముందు గుద్దిండు, ఆ తర్వాతే పాణం పోయింది.

బావ అంటే మా చెల్లె భర్త. కామారెడ్డిలో లారీలకు కరెంటు పని చేసే మిస్త్రీ. నేను లారీ నడిపి నడిపి నడుము అరగదీసుకున్నవాణ్ని. బడి చిన్నప్పుడే ఆగిపోతే మిగతా చదువంతా మైలురాళ్లూ, మిర్చి బజ్జీల పొట్లాలూ, ముందు పోయే లారీల వెనక రాతలూ నేర్పాయి. ఆ చదువుతో ఇది రాస్తున్నాను కాబట్టి నడక అటూ ఇటూ పోతే పాఠకులు సర్దుకోవాలి.

మన రోడ్ల మీద ఒక చట్టం ఉంది. ఏ పొట్లం కాగితం మీదా నాకు కనబడలేదు గానీ అందరికీ నోటికి వచ్చు. వెనక నుంచి గుద్దినవాడిదే తప్పు. ముందున్నవాడు ఎక్కడ ఆపాడు, ఎట్లా ఆపాడు, వాడి బండికి వెనకవైపు అసలు ఏమైనా వెలుగుతోందా అని ఎవరూ అడగరు. బతికినంతకాలం వెనక లైట్లు బాగుచేసిన మనిషికి చివరికి ఆ చట్టమే అంటగట్టారు.

పోయినవాడు కదా అని ఆయన్ని మంచివాణ్ని చేసి చెప్పను, వింటే ఆయనకే కోపం వస్తుంది. నోరు మహా చెడ్డది. ఇంకొకడు వేసిన వైరింగు కనబడితే చాలు, "గీ జాయింటు ఎవడు కట్టిండు? లైటుకు కట్టిండా, తాయెత్తు కట్టిండా?" అని బజారంతా వినబడేటట్టు అడిగేవాడు. కామారెడ్డిలో తనకంటే పెద్ద మిస్త్రీ లేడని రోజూ ఒకసారైనా ఎవరికో ఒకరికి చెప్పకపోతే అన్నం అరిగేది కాదు. చెవి మీద బీడీ పెట్టుకునే వాళ్లను చూశాం. ఆయన చెవి మీద గరుకు కాగితం ముక్క ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూనే దాన్ని తీసి, తుప్పు పట్టిన ఏ బోల్టో దొరికితే రుద్దేవాడు. ఒకసారి పెళ్లి పందిట్లో కూర్చుని ఇనుప కుర్చీ కాలు రుద్దుతుంటే మా చెల్లె చెయ్యి పట్టి లాగింది.

వాళ్ల ఇంటి స్నానాల గదిలో మాత్రం బల్బు ఏళ్ల తరబడి వెలగలేదు.

"ఊరందరి బండ్లకు ఎలుగిస్తవ్, నా ఇంట్ల చీకటి" అని చెల్లె సణిగితే, "నీ ఇల్లు రోడ్డెక్కదు గదనే" అనేవాడు.

ఇంకా కొన్ని ఉన్నాయి. ఫ్యూజు పోతే సిగరెట్టు డబ్బీలోని వెండి కాగితం చుట్టి బండి నడిపే అలవాటు మా డ్రైవర్లది. అది చూస్తే ఆయనకు పూనకం వచ్చేది. "కాలాలనే ఫ్యూజు పెట్టిండ్రురా. గది కాలకుంటే లారీ కాలతది" అని, ఆ కాగితం పీకి డ్రైవరు చొక్కా జేబులోనే పెట్టేవాడు. అంతకంటే ఆయనకు పడని మాట ఒకటుండేది. "మండుతుంది గదా." లైటు సంగతి అడిగితే ప్రతి డ్రైవరూ, ప్రతి ఓనరూ అనే మాట అదే. మండుతుంది గదా మిస్త్రీ, ఇంకేం జూస్తవ్?

ఏం చూసేవాడో నాకు తెలిసింది నా లారీకే రోగం వచ్చినప్పుడు. వెనక కుడి లైటు సరిగా లేదని దారిలో ఎవరో చెప్పారు. దిగి చూస్తే శుభ్రంగా వెలుగుతోంది. బావ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన లైటు ముట్టుకోలేదు. నన్ను మళ్లీ క్యాబిన్‌లోకి తోలాడు.

"ఎక్కు బావా. నీ బండి, నీ కాలు. నేను ఎనుక నిలవడ్త. లైట్లు ఎయ్."

వేశాను.

"మండుతుంది. ఇగ బ్రేకు తొక్కు."

తొక్కాను.

"ఆరింది! ఇడువు... మండింది. తొక్కు... ఆరింది. బావా, నీ లైటు నీతోని దాగుడుమూతలాడుతుంది."

బ్రేకు తొక్కితే వెలుగు పెరగాలి గానీ ఆరడమేమిటని నేను నమ్మలేదు. అప్పుడు ఆయన నేల మీద గొంతుక్కూర్చుని, స్క్రూడ్రైవర్‌తో మట్టిలో గీతలు గీసి చెప్పాడు. ఆ పాఠం ఇప్పటికీ ఆయన గొంతుతోనే వినబడుతుంది.

"లారీల కరెంటు పోయేది వైరు మీద, మర్లొచ్చేది ఇనుము మీద. బ్యాటరీ నుంచి స్విచ్చి, స్విచ్చి నుంచి ఫ్యూజు, ఆడికెళ్లి బల్బు. మరి మర్ల రావాలె గదా? అందుకనే లైటు డబ్బాను చాసీ ఇనుముకు బోల్టుతోని బిగిస్తరు. గా బోల్టు కాడ తుప్పు వట్టిందంటే తొవ్వ బంద్."

"బందయితే మండొద్దు గదా?"

"గక్కడ్నే ఉన్నది దొంగతనం. బల్బు ఒకటే గని లోపట తీగెలు రెండు. సన్న తీగె ఎప్పటి ఎలుగుకు, లావు తీగె బ్రేకుకు. సన్న తీగెల కరెంటుకు మర్లే తొవ్వ లేకపాయె. ఊకుంటదా? లావు తీగెల దూరి, బ్రేకు వైరు వట్టుకొని, ఎడమ లైటు కాడికి పోయి, దాని బోల్టుల నుంచి ఇల్లు జేరతది. పక్కింటోని వాకిట్లకెళ్లి పోయినట్టు. నువ్వేమో మంచిగున్నదనుకుంటవ్. బ్రేకు తొక్కినవనుకో, గదే వాకిట్ల బ్రేకు కరెంటు ఎదురొస్తది. రెండు దిక్కుల తోపుడు ఒకటే. అటు కదలది, ఇటు కదలది. లైటు ఆరుతది."

బోల్టు విప్పి, చెవి మీది గరుకు కాగితం తీసి తెల్లగా మెరిసేదాకా రుద్ది మళ్లీ బిగించాడు. అంతే పని. కానీ వెళ్లనివ్వలేదు. మళ్లీ ఎక్కించి అన్నీ కలిపి వేయించాడు. విడివిడిగా వేస్తే ప్రతి లైటూ మంచిదేనట, కలిపి వేస్తేనే ఎవరి తోవ ఎవరు దొంగిలిస్తున్నారో తెలుస్తుందట.

"యాదుంచుకో బావా. బ్రేకు లైటు తొక్కేటోనికి కనవడది. గీ ఒక్కదానికి ఇద్దరు గావాలె. ఒకడు తొక్కాలె, ఒకడు ఎనుక నిలవడి జూడాలె."

ఆయన దుకాణం నుంచి ఆ పరీక్ష లేకుండా ఏ బండీ కదల్లేదు. వడ్ల కాలంలో, లారీలకు ఊపిరాడని రోజుల్లో కూడా, ఓనర్నే ఎక్కించి తొక్కించేవాడు. తిట్టుకుంటూ తొక్కేవాళ్లు. కొందరు తిట్టుకుని వేరే దుకాణాలకు పోయారు.

ఆ పొద్దున ఆయన మా ఎల్లారెడ్డి వైపే వస్తున్నాడు. ఒక వరికోత మిషన్‌కు లైట్లు పోయాయని పిలిచారు. దట్టంగా మంచు. ముందు ఒక వడ్ల లారీ. వెనక తలుపు మీద నెమలి బొమ్మ, బస్తాల మీంచి జారిన టార్పాలిన్ ఎడమ లైటును కప్పేసింది. రైస్ మిల్లు గేటులోకి కుడివైపు తిరగడానికి అది నడిరోడ్డు మీద ఆగింది. మా బావ మోటారుసైకిలు దాని కిందికే పోయింది.

మాట తేల్చడానికి ఆ మిల్లు ఆవరణలోనే పెద్దమనుషులు కూర్చున్నారు. అక్కడికి బయల్దేరుతుంటే మా చెల్లె గోడకు ఆనుకుని అడిగింది.

"అన్నా, ఆయన సూడకుంట పోయిండంటున్నరు. లైటు సూడకుంట పోతడా ఆయన?"

ఆమెకు కావలసింది ఆ ఒక్క జవాబే. ఇంకేదీ తెమ్మనలేదు.

ఆ వడ్ల లారీ డ్రైవరు అబద్ధమాడలేదు. ఆ సంగతి చెప్పాలి. "మంచు మస్తుండె. ఎదురుంగ ట్రాక్టరొస్తుండె. అది పోయేదాక బ్రేకు మీద కాలు పెట్టి నిలవడ్డ. దన్‌మని సప్పుడయ్యింది" అని ఏడ్చాడు. బ్రేకు మీద కాలు అన్న మాట వినగానే నేను లేచాను.

ఓనరు కూడా కళ్లు తుడుచుకున్నాడు. "నా బండ్లన్నీ ఒకప్పుడు ఆయన చేతులల్ల పెరిగినయే" అన్నాడు. తనే ఎక్కి లైట్లు వేశాడు. బస్తాలు దిగిపోయాయి, టార్పాలిన్ మడిచి పెట్టారు, రెండు లైట్లూ ఎర్రగా వెలిగాయి. నెమలి కూడా ముచ్చటగా కనబడింది.

"జూసిండ్రు గదా."

"బ్రేకు తొక్కుండ్రి" అన్నాను.

ఓనరు దిగి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "మండుతున్నయ్ గదనే అన్నా. ఇంకేం జూస్తవ్?"

నేను వెనక నిలబడ్డాను. తొక్కేందుకు ఒక్క కాలు కావాలి. అన్ని కుర్చీల్లో అంతమంది ఉన్నారు, అందరికీ కాళ్లున్నాయి. అందులో ఒక పెద్దమనిషి, తన లారీల వైరింగుకు ఒకప్పుడు బావ చేత తిట్లు తిన్న ఆయన, మెత్తగా అన్నాడు. "గుద్దింది ఎనుకనుంచే గదనే. పోయినాయన్ను మల్ల మల్ల గుంజుడెందుకు?"

చాయ్ వచ్చింది. నేను తాగలేదు. తాగనివాడు కోపిష్టి, కోపిష్టి మాట ఎవరూ వినరు. మాట తేలిపోయింది.

దినాలయ్యేలోపు కామారెడ్డిలో ఆయన దుకాణం షట్టరుకు ఫ్లెక్సీ కట్టారు. నివాళి అర్పించినవాళ్ల ఫొటోలు ఆయన ఫొటో చుట్టూ, ఆయన ఫొటో కంటే కొంచెం పెద్దగా. చుట్టూ రంగు లైట్ల దండ. దాని జాయింటు చూశాను. దారం కట్టినట్టు కట్టారు. తాయెత్తా అని అడిగేవాడు లేడు.

దినాలయ్యాక చెల్లెను నిద్రకు మా ఇంటికి తీసుకుపోవాలి. చావు జరిగిన ఇంటి మనిషిని పుట్టింటివాళ్లు తీసుకెళ్లి ఒక రాత్రి పడుకోబెట్టడం మా దగ్గర ఆనవాయితీ. పొద్దు గూకే వేళ కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కాం. డ్రైవరు వెనకే మొదటి సీటు దొరికింది. తాడ్వాయి దాటాక పొలాల్లో గడ్డి తగలబెట్టిన పొగ రోడ్డు మీదికి కమ్మింది. ఆ పొగలో ముందు ఒకటే ఎర్ర లైటు పోతోంది. చెల్లె దాన్నే చూస్తోంది.

ఉన్నట్టుండి ఆ లైటు ఆరిపోయింది. ముందు పొగ తప్ప ఏమీ లేదు.

మా బస్సు డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కి, నోరారా ఒక తిట్టు తిట్టాడు. అందరం ముందుకు తూలాం. పొగ పక్కకు జరిగితే అద్దానికి ఎదురుగా నెమలి నిలబడి ఉంది. ఎడమ వైపు టార్పాలిన్ వేలాడుతోంది. లారీ స్పీడు బ్రేకరు దాటుతోంది.

చెల్లె ముందు కమ్మీని రెండు చేతులా పట్టుకుంది.

"లారీ ఎటో పక్కకు మలిగిపోయిందనుకున్న అన్నా" అంది. "నేను గూడ... తొవ్వ ఖాళీ అయిందనుకున్న."

ముందు లారీ బ్రేకు వదిలింది. కుడి లైటు మళ్లీ శుభ్రంగా, ఎర్రగా వెలిగింది.